స్టీరింగు మీదికి ఎక్కిన గేరు

మర్యాద అనే మాట వింటే నాకు ఇప్పటికీ డీజిలు వాసన వస్తుంది. "ఆడవాళ్లకు ముందు సీటు ఇవ్వండి" అని ఎవరైనా అంటే చుట్టూ ఉన్నవాళ్లు మంచి మనిషి అనుకుంటారు. నేను కోపంగా లేచి వెనక సీటుకు పోతాను. వయసు మీద పడ్డాక చాలా కోపాలు చల్లారాయి గాని ఇది చల్లారలేదు. చల్లార్చుకోవాలని కూడా లేదు.

ఎనభైల మొదట్లో నాకు ఎల్లారెడ్డిలో ఒక సర్కారు దఫ్తరులో టైపిస్టు కొలువు దొరికింది. మా ఇల్లు కామారెడ్డిలో. కొలువు చేయడం మీద మా బాపుకు అభ్యంతరం లేదు, పెళ్లి కాని పిల్ల రోజూ ఊరు దాటి పోవడమే ఆయనకు గొంతులో ముల్లు. మొదటి బస్సు పొద్దున ఆరింటికి. అది ఎక్కితే దఫ్తరు తాళం తీయడానికి రెండు గంటల ముందే దిగి అరుగు మీద ఒంటరిగా కూర్చోవాలి, చూసినవాళ్లు ఏమనుకుంటారు? రెండో బస్సు ఎక్కితే రోజూ ఆలస్యం. ఈ చిక్కును మా అక్క మొగుడు విప్పాడు. ఆయనకు ఒక పాత అంబాసిడరు ఉండేది. కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ మధ్య మనుషులను కుక్కి తిప్పే కారు. "మన కారు, మన డ్రైవరు, భయమేంది?" అన్నాడు బావ. బాపు ఒప్పుకున్నాడు. కాకపోతే ఒక షరతు పెట్టాడు. పోతే ఆ కారులోనే పోవాలి, వస్తే ఆ కారులోనే రావాలి. ఆ దారిలో ఏ చిన్న పేచీ వచ్చినా కొలువు బంద్.

నేను తల ఊపాను. ఆ రోజు ఇంకేం అడిగినా ఊపేదాన్నే. మా ఇంట్లో నాది అని చెప్పుకోవడానికి ఒక ఇనుప పెట్టె తప్ప ఏమీ లేదు. ఎల్లారెడ్డిలో నాకొక బల్ల, ఒక కుర్చీ, ఒక మిషను ఉన్నాయి. నేను రాకపోతే ఆ మిషను మీది గుడ్డ ఎవరూ తీయరు. ఆ మాట తలుచుకుంటేనే నాకు నడకలో తేడా వచ్చేది.

ఆ కారు సంగతి చెప్పాలి. వెనక సీట్లో ఐదుగురు, ముందు డ్రైవరు కాక ఇద్దరు, డిక్కీ మూత ఎత్తి తాడుతో కట్టి అందులో మరో ఇద్దరు. తలుపు బయటి వైపు పొడుగునా డ్రైవరు నమిలి ఉమ్మిన తమ్మ ఎండిన చారలు. లోపల బీడీ కంపు, చెమట కంపు, కాళ్లు కట్టేసిన కోళ్ల కంపు, వీటన్నిటినీ అణచడానికి డ్రైవరు వెలిగించే ఉదుబత్తి వాసన. ఏ కంపుకు ఆ కంపు విడిగా ఉంటే ఓర్చుకోవచ్చు, ఉదుబత్తి కలిశాక నాకు వాంతి వచ్చేది. స్టీరింగుకు రంగురంగుల ప్లాస్టిక్ వైరు అల్లించాడు. ఆ రంగులేవో తెలియనంతగా అది జిడ్డుకు నల్లబడి, పట్టుకున్నచోటల్లా నిగనిగలాడేది. పొద్దున బండి తీసే ముందు ఆ చక్రానికి రెండు చేతులూ తాకించి కళ్లకు అద్దుకునేవాడు. ఎంత భక్తి అనుకునేదాన్ని.

వాడికి నలభై దాటి ఉంటాయి. ఇద్దరు పిల్లల తండ్రి. నన్ను చూడగానే నిలబడి "చెల్లె, నమస్తే" అనేవాడు. నాకు తెలిసినంతలో ఆ మాటను అంతగా మురికి చేసినవాడు మరొకడు లేడు.

ఇక ఆ దారి మీది ఆచారం. ఆడవాళ్లు ఎక్కితే ముందు సీటు వాళ్లకే. ఎంత పెద్ద పటేలు కూర్చుని ఉన్నా లేచి వెనక్కి పోయేవాడు. "ముందల కూసో బిడ్డా, ఎనక మొగోళ్లు" అనేవాళ్లు. వెనక కూర్చుంటానంటే అది వాళ్లకు అవమానం, నాకు అప్రతిష్ఠ. డ్రైవరు మాత్రం మగవాడు కాడా అని ఎవరికీ తోచలేదు. వాడు డ్రైవరు. స్టీరింగు లాగా, హారను లాగా బండిలో భాగం అనుకునేవాళ్లు కాబోలు. ఈ పొరపాటు మా వైపు ఊళ్లవాళ్లు మాత్రమే చేయగలరు, అదీ దండం పెట్టి మరీ చేస్తారు.

ముందు సీట్లో నాకు తోడు గాజుల ఖాలా. గాజులు అమ్ముకునే ముసలావిడ, యాభై ఐదు పైమాటే. శుక్రవారం తప్ప రోజూ గాజుల పెట్టె మూట కట్టుకుని ఎల్లారెడ్డికీ చుట్టుపక్కల ఊళ్లకూ పోయేది. అందరికీ ఆమె ఖాలా, అంటే పిన్ని, ఆమెకు మేమందరం బిడ్డలమే. ఎప్పుడూ ఆమే ముందుగా ఎక్కి డ్రైవరు పక్కకు జరిగేది, పెట్టెను ఒళ్లో పెట్టుకునేది, నన్ను చెయ్యి పట్టి కిటికీ వైపు కూర్చోబెట్టేది. మొదట్లో ఒకసారి నేను లోపలికి జరగబోతే ఆపింది.

"నాకు కిటికీ పడదు బిడ్డా, గాలి కొడ్తే చెవి నొస్తది. నువ్వే కూసో" అంది.

నాకేం, నాకు కిటికీ ఇష్టం. కూర్చున్నాను.

ఇంతవరకూ కంపు తప్ప వేరే బాధ లేదు. ఆ కారుకు అప్పుడు గేరు స్టీరింగు కిందనే ఉండేది. చక్రం వెనక నుంచి ఎడమ చేతికి అందేలా వచ్చిన చిన్న కడ్డీ. హ్యాండు గేరు అనేవాళ్లు. ముందు సీటు ఒక్కటే పొడుగు బల్ల లాగా ఉండేది, నడుమ అడ్డం ఏమీ లేదు. నేను ఎక్కడం మొదలుపెట్టిన రెండు మూడు నెలలకే బావకు డీజిలు పిచ్చి పట్టింది. అప్పుడు అందరికీ పట్టింది. పెట్రోలు ఇంజను పీకించి ఏదో వ్యాను తాలూకు డీజిలు ఇంజనూ గేరుబాక్సూ పెట్టించాడు. ఆ గేరుబాక్సుకు గేరు కింద నుంచి వస్తుంది. కారు నేలకు చిల్లు పొడిచి, మూరెడు ఇనుప కర్రను పైకి తీశారు. దాని తల మీద నల్లటి గుండు. అది సరిగ్గా ముందు సీటు నడుమ, డ్రైవరు పక్కన కూర్చున్న మనిషి మోకాళ్ల దగ్గర లేచింది. స్టీరింగు కింది పాత కడ్డీని ఊడదీసేశారు.

శుక్రవారం ఖాలా రాదు. ఆ రోజు తాడ్వాయి దగ్గర ఎవరో ఒక పిల్లల తల్లి ఎక్కేది. పిల్లకు గాలి ఆడాలని కిటికీ ఆమెకు ఇవ్వాలి. "చెల్లె, జర ఇటు జరుగు" అనేవాడు డ్రైవరు. అలా మొదటి శుక్రవారం ఆ కర్ర నా మోకాళ్ల మధ్యకు వచ్చింది.

ఏం జరిగిందో విడమరచి రాయడానికి నా చేతికి రోతగా ఉంది. గేరు మార్చడానికి వచ్చిన పిడికిలి గుండు మీద ఆగేది కాదు, అంతే చెబుతాను. మొదటిసారి ఇరుకు అనుకున్నాను. రెండోసారి నా తప్పు అనుకున్నాను, సరిగ్గా కూర్చోలేదేమో అని. మూడోసారి వాడి మొహం చూశాను. వాడు రోడ్డునే చూస్తూ పెదవి కింద తమ్మ సర్దుకుంటున్నాడు. ఆ మొహంలో ఏమీ లేదు. ఒక్క మెతుకంత సిగ్గు లేదు, భయం లేదు. చీమలు పాకినట్టు ఒళ్లంతా కంపరమెత్తింది. ఇంటికి వచ్చి చీర ఉతికాను. ఉతికిన చీరను మళ్లీ కట్టుకోబుద్ధి కాక అక్కకు ఇచ్చేశాను. అదెంత వెర్రిపనో తర్వాత తెలిసింది, ఆ చీర కట్టుకుని అక్క అదే కారులో ముందు సీట్లో కూర్చుని పెళ్లికి పోయింది.

టైపు నేర్చుకున్నదానికి చెవి బాగా పనిచేస్తుంది. కాగితం చూస్తూనే ఏ అక్షరం తప్పు పడిందో చప్పుడుతో తెలిసిపోతుంది. నెల తిరిగేసరికి ఆ ఇంజను చప్పుడు కూడా నాకు వచ్చేసింది. ఎక్కడ ఎక్కు ఉందో, ఎక్కడ మూడో గేరు వేయాలో, ఎక్కడ నాలుగు వేసి ఊరుకోవాలో డ్రైవరుతో సమానంగా తెలిసింది. లింగంపేటకు ఇవతల రోడ్డు చాప పరిచినట్టు ఉంటుంది, అక్కడ గేరుతో పని లేదు. వాడి చెయ్యి అక్కడే ఎక్కువ కిందికి దిగేది. ఇరుకు అని నాకు నేను చెప్పుకుంటున్న అబద్ధం అక్కడితో పోయింది.

చెప్పొచ్చు కదా అని ఇప్పటి పిల్లలు అడుగుతారు. ఎవరికి? బావకు చెబితే ముందు నమ్మడు, నమ్మితే వాడిని కొడతాడు, కొట్టాక ఊరంతా కారణం అడుగుతుంది. ఆ కారణం నేను. బాపుకు చెబితే ఆయన షరతు ఆయనకు గుర్తే. అటు చేసినా ఇటు చేసినా మరుసటి రోజు నుంచి నా మిషను మీది గుడ్డ తీసేవాళ్లు ఉండరు. అందుకని శుక్రవారాలు పళ్లు బిగబట్టి, మిగతా రోజులు ఖాలా పక్కన హాయిగా కూర్చుని, రెండేళ్లు లాగాను. ఖాలా ఉంటే వాడు బుద్ధిగా ఉండేవాడు. అంత ముసలావిడతో వాడికేం పని అనుకున్నాను. ఈ వాక్యం రాయడానికి కూడా సిగ్గుగానే ఉంది.

ఖాలా చేతులకు ముదురాకుపచ్చ మట్టిగాజులు, నకషీ చెక్కడం లేని సాదావి, చేతికి డజను. నాలుగు రోజులకోసారి అవి సగానికి సగం తగ్గేవి, మళ్లీ కొత్తవి ఎక్కేవి. మణికట్టు మీద చిన్న చిన్న గాట్లు. గాజులమ్మే మనిషికి గాట్లు పడవా? "అమ్మేటి గాజులన్నీ నువ్వే పల్గగొట్టుకుంటున్నవ్ ఖాలా" అని ఒకసారి ఎగతాళి చేశాను. ఆమె నవ్వింది. డీజిలు మోతలో అప్పుడప్పుడు గాజు చిట్లిన చప్పుడు వినబడేది. అక్షరం తప్పు పడితే పట్టుకునే నా చెవి, పెట్టెలో ఏదో ఒకటి పగిలిందిలే అనుకుని ఊరుకుంది.

రెండో ఏడు చివర్లో నాకు ఒక ఉపాయం తట్టింది. అక్క ఇంట్లో ఒక మధ్యాహ్నం బావకు అన్నం వడ్డిస్తూ, మాటల్లో మాటగా వేశాను.

"బావా, ఆ నడుమ కర్ర తీసి గేరు మళ్ల స్టీరింగు మీదికి ఎక్కిస్తే ముందల ఇంకొకలు పడ్తరు గదా?"

ఆయన ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. పప్పులో నిమ్మకాయ తొక్కు కలిపినప్పుడు కూడా ఆయన మొహం అంత వెలగడం నేను చూడలేదు. మరదలికి ఎంత తెలివి అని అక్కతో రెండుసార్లు అన్నాడు. నా ఒంటి మీద పడుతున్న చెయ్యిని తీయించడానికి, దాన్ని ఒక గిరాకీగా మార్చి ఆయన కంచంలో వడ్డించాల్సి వచ్చింది. ఆయన మీద ఎంత అసహ్యం వేసిందో నా మీద అంతే వేసింది. అయినా పని జరుగుతుంది కదా అని ఊరుకున్నాను.

కామారెడ్డిలో మా ఇంటికి నాలుగు సందుల అవతల ఒక ముసలి మిస్త్రీ షెడ్డు ఉండేది. డీజిలు ఇంజను ఎక్కించిందీ ఆయనే. అప్పుడు ఊడదీసిన పాత కడ్డీనీ దాని లింకు రాడ్లనూ బావ పారెయ్యమంటే ఆయన పారెయ్యలేదు, గోడకు మేకు కొట్టి తగిలించాడు. ఇనుము ఎప్పుడూ వాపసు అడుగుతది అనేవాడట. కారును శనివారం షెడ్డులో పెట్టారు. పై నుంచి కడ్డీని లాగితే కింద గేరుబాక్సు తిరగాలి, దానికి రాడ్లు కోసి, అతికి, వంచి నానా తంటాలు పడ్డాడు. ఆదివారం రాత్రి మొదటి గేరు వేస్తే బండి వెనక్కి పోయి షెడ్డు తలుపును గుద్దిందని బావ ఇంటికి వచ్చి తిట్టుకున్నాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం బావకు అన్నం పట్టుకుపోతాను అని నేనే అడిగి టిఫిను డబ్బా తీసుకున్నాను. ఆ కర్రను పీకి పారేస్తుంటే నా కళ్లతో చూడాలని ఉండింది. నేను పోయేసరికి బావ బోల్టుల కోసం బజారుకు పోయాడు. మిస్త్రీ ఒక్కడే ఉన్నాడు. అప్పటికే కర్ర ఊడి నేల మీద పడి ఉంది, గుండు మీద జిడ్డు అలాగే ఉంది. కాలితో తన్నాలనిపించి, చెప్పు అంటుకుంటుందని ఊరుకున్నాను. ఆయన కారు నేల మీది రబ్బరు పట్టాను ఎత్తి, కర్ర లేచిన చిల్లు చుట్టూ బ్రష్షుతో ఊడుస్తున్నాడు. ఊడ్చినదంతా అరచేతిలోకి తీసుకుని వెలుతురుకు వచ్చాడు.

దుమ్ము, నల్ల నూనె, వాటి నడుమ గాజు ముక్కలు. పిడికెడు. ఆయన వేలితో దుమ్మును పక్కకు నెట్టి చూశాడు. తర్వాత నా చేతుల వైపు చూశాడు. నాకు ఒక చేతికి గడియారం, ఇంకో చేతికి రెండు ఇత్తడి గాజులు.

"ఎవలన్న అమ్మేటి గాజులయితే రంగురంగులవి ఉండాలె. ఇవన్నీ ఒక్క తీరువే" అన్నాడు. "గేరు కాడ ఒక్క చెయ్యి గాజులే ఇన్ని పల్గినయి. ఎందుకు పల్గినయి బిడ్డా?"

అవి ముదురాకుపచ్చవి. నకషీ లేనివి.

ఖాలా ఎప్పుడూ ఎలా కూర్చునేదో గుర్తు చేసుకున్నాను. ఆమె ఎడమ చెయ్యి పెట్టె మీద ఉండేది. కుడి చెయ్యి ఎప్పుడూ కిందకు, మోకాలి పక్కన, ఆ కర్రకు ఆనించి ఉండేది. అలవాటు అనుకున్నాను. అది అడ్డం. వాడి పిడికిలి దిగినప్పుడల్లా కర్రకూ ఆమె మణికట్టుకూ నడుమ గాజులు నలిగాయి. వారానికి ఒక్క రోజు నాకు తగిలిన రోత ఆమెకు ఆరు రోజులు తగిలింది. పెట్టె అడ్డం ఉండి నాకు కనబడలేదు. పెట్టె లేకున్నా నేను చూసేదాన్ని కాదేమో, అప్పటికి చల్లగాలికి కళ్లు మూసుకుని ఉండేదాన్ని.

ఖాలావి అని చెప్పాను.  మిస్త్రీ ముక్కలను నూనె గుడ్డలో చుట్టి ఎవరి కాళ్ల కిందా పడకుండా డబ్బాలో వేశాడు, చేతులు తుడుచుకుని మళ్లీ కారు కిందికి దూరాడు. నేను టిఫిను డబ్బా అక్కడే పెట్టి ఇంటికి వచ్చాను.

సోమవారం కారు వచ్చింది. స్టీరింగు కింద పాత కడ్డీ, దాని కొసకు కొత్త తెల్ల గుండు. బావ స్వయంగా వచ్చి అందరికీ చూపించాడు. ముందు సీటు నడుమ మైదానంలా ఖాళీ. ఆ ఖాళీకి ఆయన అప్పుడే మనిషిని కూడా వెతికిపెట్టాడు. డ్రైవరుకు కుడిపక్కన, తలుపుకు ఆనించి ఒక బక్క మనిషిని కూర్చోబెట్టాడు. డ్రైవరు ఎడమకు జరిగాడు. అంటే మా వైపుకు. నా ఉపాయంలో ఈ జరగడం నేను లెక్కించలేదు.

ఖాలా ఎప్పటిలాగే పెట్టెతో ముందుకు వచ్చింది. ఆమె కాలు పెట్టక ముందే నేను ఎక్కి డ్రైవరు పక్కకు జరిగాను.

"దిగు బిడ్డా, నాకు కిటికీ పడదు" అంది.

"ఇయ్యాల నేనే కూసుంట ఖాలా" అన్నాను. ఆమె నా మొహం చూసింది. చూసి, ఎక్కి, కొంగును చెవి చుట్టూ గట్టిగా చుట్టుకుంది. అప్పటికీ ఆ అబద్ధాన్ని విడవలేదు.

బండి ఊరు దాటింది. కింద కర్ర లేదు, పిడికిలి లేదు. కడ్డీ పైన ఉంది కనుక దాన్ని కిందికి లాగినప్పుడు మోచెయ్యి పక్కకు లేస్తుంది. నేను అది ఆలోచించలేదు. కాగితం మీద ఎంత తెలివి ఉంటే ఏం లాభం, ఇంత ఖర్చుతో ఇంత ఇనుము కోసి వంచి నేను చేయించిన మరమ్మతు, వాడి చేతిని నా మోకాలి దగ్గర నుంచి తీసి నా ఛాతీ దగ్గర పెట్టింది. మొదటిసారి తగిలినప్పుడు ఏడుపు రాలేదు.  రెండోసారికి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నాకు వచ్చిన విద్య అదొక్కటే.

తాడ్వాయి దాటి, లింగంపేట ఇంకా రాకముందు, చాప పరిచినట్టుండే రోడ్డు మీద బండి ఆపమన్నాను. వాడు వినబడనట్టు పోనిచ్చాడు. రెండోసారి గట్టిగా అన్నాను. ఆగింది. ఇంజను గుడగుడమంటూనే ఉంది. వెనక ఐదుగురూ, డిక్కీలో ఇద్దరూ వినేలాగా చెప్పాను.

"తాడ్వాయి సంది గేరు మూడుసార్లు మారింది. నీ మోచెయ్యి నాకు ఐదుసార్లు తగిలింది. కడమ రెండుసార్లు ఎందుకు తగిలింది?"

వాడు చక్రాన్ని పట్టుకుని ముందుకే చూశాడు. కుడిపక్క బక్క మనిషి తలుపులోకి ఇంకిపోయేలా జరిగాడు. వెనక నుంచి ఒక పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. నాకు రోజూ సీటు ఇచ్చి లేచే మనిషే.

"పోనియ్ బిడ్డా. జాగ ఇరుకున్నది, తాకుతది. మర్యాద గల్ల పిల్లవు, గిట్ల నలుగుర్ల అంటరా?" అన్నాడు.

వాడి మీద పుట్టినంత రోత ఈ మాట మీదా పుట్టింది. వాడిది చెయ్యి, ఈయనది నోరు, అంతే తేడా.  అప్పుడు ఖాలా పెట్టెను నా ఒళ్లో పెట్టి, వెనక్కి తిరిగి, కుడి చేతి రవికె మడిచి సీటు మీది నుంచి వెనకకు చాపింది. మణికట్టు నుంచి మోచేతి దాకా పాత గాట్లు, కొత్త గాట్లు.

"రెండేండ్ల సంది ఈ బండ్లె నా గాజులు పల్గుతున్నయి" అంది. ఆమె గొంతు పెంచలేదు. "ముందల కూసోమని అందరు చెప్పిండ్రు. ఎందుకు పల్గుతున్నయని ఒక్కలన్న అడిగిండ్రా?"

 ఆమె అడిగింది వెనకవాళ్లను. కానీ ఆ రెండేళ్లూ ఆమెకు అందరికన్నా దగ్గరగా కూర్చున్నది నేను. వెనకవాళ్లకు ఆమె వీపు తప్ప కనబడదు. నాకు ఆ గాట్లు కనబడ్డాయి, ఆ చప్పుడు వినబడింది, దాని మీద ఎగతాళి కూడా చేశాను. అడగనివాళ్లలో మొదటిదాన్ని నేనే.

మేమిద్దరం అక్కడే దిగిపోయాం. కారు కాస్త ఆగి, ఇంకెవరూ దిగకపోయేసరికి, పోయింది. ముందు సీటు ఖాళీగా ఉన్నా వెనక నుంచి ఎవరూ ముందుకు రాలేదు, ఆ మర్యాద మాత్రం చివరిదాకా తప్పలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో జరిగింది కూడా చెప్పేస్తాను. నాకన్నా ముందు మాట ఇంటికి చేరింది. డ్రైవరు మంచోడని, ఇంజనుకు అలవాటు పడ్డవాడని, నేను పొరబడి ఉంటానని బావ చాలాసేపు చెప్పాడు. ఈసారి షరతు నేను పెట్టాను, ఆ కారు ఎక్కను, కొలువు మానను అని. బాపు మంచం మీద కూర్చుని అంతా విన్నాడు. బావ లేచి పోయాక ఒకే ఒక్క మాట అడిగాడు, "పొద్దుగాల బస్సు ఎన్నింటికి?" అని. ఆ తర్వాత పదకొండేళ్లు ఆరింటి బస్సు ఎక్కి, దఫ్తరు అరుగు మీద ఒంటరిగా కూర్చుని, చూసినవాళ్లు ఏమనుకుంటే అది అనుకోనిచ్చాను. బావ డ్రైవరును మార్చలేదు. కారును అమ్మేదాకా వాడే నడిపాడు, ముందు సీట్లో ఆడవాళ్లనే కూర్చోబెట్టారు. ఆ కారు ఇనుము ఎక్కడ ఉందో గాని నా రోత మాత్రం ఇంకా అందులోనే కూర్చుని ఉంది.

రోడ్డు పక్కన ఎండలో బస్సు కోసం నిలబడ్డప్పుడు, ఆలస్యంగానైనా ఖాలాను అడిగాను, నాకెందుకు చెప్పలేదని.

"చెప్తే ఏం జేస్తుంటివి బిడ్డా, కొల్వు మానుకుంటుంటివి" అంది. "నాది ముసలి చెయ్యి. గాజులు ఎట్లయినా నా పెట్టెలయే."

రెండో బస్సు వచ్చింది. నిండా జనం, అయినా ఒక జంట సీటు దొరికింది. నేను కిటికీ వదిలి ఇవతల కూర్చున్నాను. ఖాలా కాదనలేదు. చెవి చుట్టూ ఉన్న కొంగు విప్పింది, కిటికీ షట్టరు పూర్తిగా పైకి ఎత్తింది, గాలికి ఎదురుగా మొహం పెట్టి ఎల్లారెడ్డి దాకా నిద్రపోయింది.